మట్టి తొక్కిన గుర్రం

ఫెలీసా సైకిల్ మీద వచ్చేసరికి మా వదిన ఒటీలియా తడిగుడ్డతో ఉర్రాకా కళ్లు తుడుస్తోంది. ఉర్రాకా మా గుడ్డి గుర్రం. నేను వసారాలో కూర్చుని మాతే, అదే గిన్నెలో గొట్టం పెట్టి పీల్చుకునే మా ఆకు కషాయం, కలుపుకుంటున్నాను. ఫెలీసా లోపలికి రాలేదు. గేటు దగ్గరే సైకిలాపి, ఒక కాలు నేల మీద ఆనించి, ఎవరో తరుముకొస్తున్నట్టు వెనక్కి వెనక్కి చూసింది. వాగు అవతల ఇటుకలు చేసే అమాన్సియో భార్య ఆమె. నొగొయా ఊళ్లో సగం ఇళ్ల గోడలు అమాన్సియో ఇటుకలే.

"మా గుర్రం మోరోని తీసుకెళ్తారా అని అడగడానికి వచ్చా," అంది వదినతో. "రేపు మధ్యాహ్నం మా ఆయన ఊళ్లోకి పోతాడు. అప్పుడొచ్చారంటే అడిగేవాళ్లుండరు. గొలుసు తాళంచెవి నేనిస్తా."

"ఆయనకి తెలీకుండానా?"

"తెలిస్తే ఇస్తాడా?"

వదిన గుడ్డ పిండి కంచె మీద ఆరేసింది. "అయితే ఆయన ఉన్నప్పుడే వస్తా. నేను గుర్రాల్ని తెచ్చుకుంటాను ఫెలీసా, ఎత్తుకురాను."

 ఫెలీసా సైకిల్ తిప్పుకుని వెళ్తూ, "తొందరగా రండి మరి. అది నిలబడి ఉండగానే రండి," అంది.

ఈ గుర్రాల వ్యవహారం మా ఇంట్లో ఉర్రాకాతోనే మొదలైంది. మా అన్నయ్య పోయాక పాడి ఆవుల్ని అమ్మేసి, వదిన ఆ పొలంలో ఒక్కతే ఉండిపోయింది. ఒకరోజు రొట్టెలు కొనడానికి ఊళ్లోకి వెళ్తూ, పెద్దరోడ్డు పక్కన కంచెకి కట్టేసి వదిలేసిన గుర్రాన్ని చూసింది. రెండు కళ్లూ పాలపొర కమ్మి ఉన్నాయట. మెడకి కట్టిన తాడు కండలోకి దిగిపోయి దాని చుట్టూ చర్మం మూసుకుపోయిందట. నేను పరనా పట్నంలో బేకరీ పని మానేసి, ఒక్క చలికాలం ఉండిపోదామని అప్పుడే ఇక్కడికి వచ్చాను. వదిన గుర్రాన్ని నడిపించుకుంటూ వాకిట్లోకి రాగానే, "రొట్టెలేవి?" అని అడిగాను. "మర్చిపోయా," అంది. ఆ మరుపుకి ఆ తర్వాత అంతులేకుండా పోయింది. పందెంలో ఓడినవి, బండి లాగలేక కూలిపోయినవి, యజమాని చనిపోతే ఎవరికీ గుర్తురానివి, ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వదిన పెట్టిన షరతు ఒక్కటే: ఈ గేటు లోపలికొచ్చిన గుర్రం మీద ఎవరూ ఎక్కకూడదు, దానితో ఎవరూ పని చేయించకూడదు. నా చలికాలం మాత్రం ఇప్పటికీ అవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే మా పాత ట్రక్కుకి వెనక తొట్టి బండి తగిలించి వాగు దాటాం. అమాన్సియో తొక్కుడు గుంట మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎర్రమట్టీ, నీళ్లూ, లద్దె, తరిగిన గడ్డీ కలిపి పోసిన గుండ్రటి గుంట అది. ఒక చేతిలో పొడుగాటి మోకు, రెండో చేతిలో చెర్నాకోల. మోకు చివర గుర్రం తిరుగుతోంది. కడుపు దాకా బురద పట్టి ఉండటంతో మొదట దాని రంగే తెలియలేదు. తర్వాత వీపు మీద నీలపు బూడిదరంగు కనిపించింది. ఆ రంగు గుర్రాన్ని మా వైపు మోరో అనే అంటారు. అమాన్సియో దానికి వేరే పేరు పెట్టలేదు.

బురదలోంచి కాలు పైకి లాగినప్పుడల్లా దాని ఒళ్లంతా పక్కకి ఒరిగేది. ఒరిగిన ప్రతిసారీ చెర్నాకోల చప్పుడయ్యేది. తుంటి మీద పాత మచ్చల మీద కొత్త వాతలు. వదిన గుంట అంచుదాకా నడిచి వెళ్లింది. 

"అమాన్సియో, ఈ గుర్రాన్ని నాకివ్వు," అంది.

అతను గుర్రాన్ని తిప్పడం ఆపలేదు. "ఇస్తే? మట్టి నువ్వొచ్చి తొక్కుతావా ఒటీలియమ్మా?"

పక్క ఇటుక బట్టీల వాళ్లు నలుగురైదుగురు అప్పటికే చేరారు. వాళ్లు పగలబడి నవ్వారు.

"తొక్కుతా," అంది వదిన. బూట్లు విప్పింది. మేజోళ్లు విప్పి వాటిలో కుక్కింది. ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుంది. "ఈ గుంటలో మట్టి అచ్చుకి వచ్చేదాకా నేను తొక్కుతా. ఆ తర్వాత గుర్రం నాది. సరేనా?"

"సరే, సరే, తొక్కు," అన్నాడతను నవ్వుతూ. నిజంగా దిగుతుందని అనుకోలేదు.

వదిన దిగింది. జూలై నెల, మాకు నడి చలికాలం, గుంట అంచున నీళ్ల మీద ఇంకా మంచు పొర ఉంది. మా వదిన ఒళ్లు కాస్త భారీ. మట్టి తొక్కడానికి అదీ ఒక అర్హతేలే అని తర్వాత నేనన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మోరో వెనకే, దాని అడుగు పడ్డ చోటల్లా తనూ అడుగేస్తూ తిరగడం మొదలుపెట్టింది. గుర్రం అదిరిపడి తల తిప్పి చూసింది గానీ ఆగలేదు.

మొదటి నాలుగు చుట్లూ మగవాళ్లు ఈలలు వేశారు. "భలే తొక్కుతున్నావమ్మా! ఇంటికెళ్లి ద్రాక్షపళ్లు కూడా తొక్కు!" అని ఒకడు. ఆ తర్వాత ఈలలు తగ్గాయి. ఇంట్లోంచి ఫెలీసా వచ్చింది. చెప్పులు ఒడ్డున వదిలి, మొగుడి మొహం వైపు చూడకుండా గుంటలోకి దిగింది. నాకు మోకాళ్ల నొప్పులు. అయినా మగవాళ్లు నవ్వుతుంటే ఒడ్డున నిలబడి చూసే మనిషి ఎవరి పక్షం అనుకుంటారు? నేనూ దిగాను. ఆ చలి ఎముకలోకి సూదిలా దిగింది. బురద పాదాన్ని మింగి, వదలనంటూ పట్టుకుంది. నాలుగు అడుగులు వేసేసరికి, ఈ గుర్రం ఇన్నేళ్లూ ఏం చేసిందో నా పిక్కలకి అర్థమైంది.

"రా బయటికి," అన్నాడు అమాన్సియో పెళ్లాంతో, పళ్ల మధ్యనుంచి.

"రాను."

"జనం చూస్తున్నారు."

"చూడనీ. మా అన్నయ్య దగ్గర ట్రాక్టరుంది. ఒక్క పూట అడిగితే ఈ మట్టంతా తొక్కిపెడతాడు. ఆయన్ని అడగడానికి నీకు నోరు రాదు. దీన్ని చంపడానికి మాత్రం చెయ్యొస్తుంది."

ఎవరూ నవ్వలేదు. బావమరిదితో అతనికి ఏళ్ల తరబడి మాటల్లేవని అక్కడ అందరికీ తెలుసు. అమాన్సియో మోకుని చేతికి చుట్టుకుంటూ గుర్రాన్ని దగ్గరికి లాక్కున్నాడు. మోకు కొస వదిన చేతిలో పెట్టాడు. "తీసుకుపో. ఇంకో మాట మాట్లాడకుండా తీసుకుపో," అన్నాడు. చెర్నాకోలని ఇటుకల పేర్పు మీదికి విసిరేసి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మోరో ఏ పేచీ పెట్టకుండా తొట్టి బండి ఎక్కింది. సాధారణంగా గుర్రాలు అలా ఎక్కవు, బెదురుతాయి, ఎదురుతిరుగుతాయి. దీనికి కాదనడం ఎలాగో తెలియనట్టుంది.

ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లతో బురదంతా కడిగాం. కడిగినకొద్దీ గుర్రం తగ్గిపోతూ వచ్చింది. చివరికి ఎముకలూ, తోలూ, రెండు పెద్ద కళ్లూ మిగిలాయి. గిట్టలు కుళ్లి మెత్తబడ్డాయి. నొక్కితే నల్లటి రసి కారింది. పశువుల డాక్టరమ్మ వచ్చి కుళ్లిన భాగం చెక్కి, మందు పెట్టి కట్లు కట్టింది. "పొడి నేల మీద ఉంచండి. ఎంత తక్కువ నడిస్తే అంత మంచిది. మెల్లగా మానతాయి," అంది.

మర్నాడు తెల్లారి కిటికీలోంచి చూసిన వదిన, "ఇర్మా, ఇలా రా," అని పిలిచింది. 

మోరో నడుస్తోంది. పచ్చిక మధ్యలో గుండ్రంగా, ఎడమవైపుకి, తల వంచుకుని. మోకు లేదు, మనిషి లేడు, చెర్నాకోల లేదు. అయినా ఆ గుంట ఎంత వెడల్పో అంతే వెడల్పున అచ్చు గీసినట్టు తిరుగుతోంది. కాలు లాగినప్పుడల్లా పక్కకి ఒరుగుతోంది, అక్కడ బురద ఉన్నట్టే.

"రాత్రంతా చలికి కాళ్లు పట్టేసి ఉంటాయి. కాసేపు తిరిగి ఆగుతుందిలే," అన్నాను.

ఆగలేదు. చీకటి పడ్డాక, ఎక్కడున్నది అక్కడే తల వేలాడేసి నిలబడింది. పొద్దు పొడవగానే మళ్లీ మొదలు.

మేం చెయ్యని ప్రయత్నం లేదు. దారికి అడ్డంగా మొక్కజొన్నలు పోసిన గంప పెట్టాం. ఒక్క నోరు అందుకుని నమలుతూనే దాటుకుపోయింది. వాగు పక్క పచ్చికలోకి మార్చాం. అక్కడ కొత్త వలయం మొదలుపెట్టింది. కొట్టంలో కట్టేస్తే ఒళ్లంతా చెమటలు పట్టి, కళ్లు తెల్లబడి వణికిపోయింది. ఆ వణుకు చూడలేక వదినే తాడు విప్పేసింది. "నడవనీ. కడుపులో ఉన్న నడకంతా అయిపోతే అదే ఆగుద్ది," అంది. కానీ నడక అయిపోలేదు. గడ్డి అరిగి మట్టి తేలింది. కట్లు రోజూ చినిగిపోయేవి. మానుతున్న గిట్ట మళ్లీ పగిలేది.

దానికి తోడు ఉర్రాకా ఒకటి. గుడ్డిది కదా, కొట్టం గోడ పట్టుకుని నిలబడటం తప్ప పచ్చిక మధ్యలోకి ఎప్పుడూ వెళ్లేది కాదు. మోరో అడుగుల చప్పుడు దానికి ఎలా వినిపించిందో, ఒకరోజు చెవులు నిక్కించుకుని తడుముకుంటూ వచ్చి మోరో తోక దగ్గర ముక్కు పెట్టింది. అప్పటినుంచీ రెండూ తిరిగేవి. గుడ్డిదానికి అది హాయిగానే ఉన్నట్టుంది. తగలడానికి కంచె లేదు, గొయ్యి లేదు, ముందు ఒక తోక ఉంది. వదిన ఆ జంటని చూసి నవ్వాలో ఏడవాలో తెలీక ఎప్రన్ కొస నోట్లో కుక్కుకునేది.

డాక్టరమ్మ రెండోసారి వచ్చి చినిగిన కట్లు విప్పి చూసింది. "ఇలాగైతే గిట్ట ఊడిపోతుంది ఒటీలియా గారూ. అప్పుడిక బాధ లేకుండా పంపించెయ్యడమే. ఆలోచించుకోండి," అని మెల్లగా చెప్పి వెళ్లింది.

ఆ వారమే నాకు ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర ఫెలీసా కనబడింది. మోరో సంగతి చెప్పాను. ఆమె చేతిలో సంచి కింద పెట్టేసింది. "అయ్యో, దానికి పని అయిపోయిందని ఎవరూ చెప్పలేదుగా! మా ఆయన చాలు అంటే గాని ఆగదది. అలా అలవాటు చేశాడు. మధ్యలో ఆగితే దెబ్బ. ఆయన నోటితో చాలు అన్నాకే కళ్లెం తీసేవాడు."

ఇంటికొచ్చి వదినకి చెప్పాను. ఆమె దాణా కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆ మనిషి ఈ గేటు దాటకూడదు."

"వదినా, ఒక్క మాట చెప్పి పోతాడు. అంతేగా."

"ఆ గొంతు దాని చెవిన మళ్లీ పడకూడదనే కదా తెచ్చుకున్నాం. ఆ మాటేదో నేను చెప్తా." వెళ్లి వలయం పక్కన నిలబడి, "చాలు మోరో, చాలు నాన్నా," అంది. పదిసార్లు అంది. బతిమాలింది. గుర్రం ఆమెని చెట్టునో రాయినో చూసినట్టు చూసి దాటిపోయింది.

"నువ్వు చెప్తే దానికి అది ఉత్త చప్పుడు," అన్నాను. "వదినా, ఇప్పుడు నీ పౌరుషం పెద్దదా, దాని కాలు పెద్దదా?"

ఆ మాటకి ఆమె నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. ఆ సాయంత్రం మోరో వలయంలోనే ముందు మోకాళ్ల మీద కూలింది. మేం పరిగెత్తేలోపే లేచింది. లేచి మళ్లీ నడిచింది. వదిన అక్కడే నిలబడి, నా వైపు తిరక్కుండా, "వెళ్లి ఆయన్ని తీసుకురా," అంది.

అమాన్సియో తలమీది టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. అప్పటికే బావమరిది దగ్గర పనికి కుదిరాడట. ఆ ట్రాక్టర్ దగ్గరికి వెళ్లడం అతనికి ఎంత కష్టమైందో గానీ, గేటు తోసుకుని మా వాకిట్లోకి రావడం అంతకంటే కష్టమైనట్టుంది. వదిన పలకరించలేదు. మాతే తాగుతూ కూర్చున్న మేం గిన్నె అతని వైపు చాచలేదు. మా వైపు ఇంటికొచ్చిన శత్రువుకైనా గిన్నె అందిస్తారు.

పచ్చిక దగ్గరికి తీసుకెళ్లాం. వలయాన్ని చూసి అతను ఆగిపోయాడు. అరిగిన ఆ మట్టిదారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "మా గుంట ఇంతే ఉంటది," అన్నాడు, ఎవరితోనో.

అతను మధ్యలోకి వెళ్లి నిలబడగానే మోరో ఒంటి మీద చర్మం అలలా వణికింది. చెవులు వెనక్కి పడ్డాయి. వేగం పెంచింది. కుంటుకుంటూ, ఒరుగుతూ, దాదాపు పరిగెత్తింది. వెనక ఉర్రాకా కంగారుగా సకిలించింది.

"బయటికి రా! చంపుతున్నావు దాన్ని!" అని వదిన అరిచింది.

అతను రాలేదు. మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. తర్వాత నేల మీద చతికిలబడ్డాడు. రెండు చేతులూ ఖాళీగా ఒళ్లో పెట్టుకున్నాడు. అంత దూరంలో ఉన్న నాకు సరిగా వినబడనంత మెల్లగా అన్నాడు: "చాలు మోరో. చాలు. అయిపోయింది."

గుర్రం ఇంకో సగం చుట్టు తిరిగింది. అడుగు తగ్గింది. ఆగింది. తల వంచి, మెడ పక్కకి కాస్త వాల్చింది. కళ్లెం తీయించుకోవడానికి అలా వాల్చేదని తర్వాత అతనే చెప్పాడు. వెనక వస్తున్న ఉర్రాకా దాన్ని గుద్దుకుని అదీ ఆగింది. ఇన్నాళ్లుగా వినబడుతున్న ఆ అడుగుల చప్పుడు ఆగిపోయేసరికి, వాగు మీద పక్షుల కేకలు ఒక్కసారిగా వినబడ్డాయి.

వదిన మొహం అటు తిప్పుకుంది.

కానీ మర్నాడు పొద్దున మోరో మళ్లీ నడిచింది. నేను నీరసపడిపోయాను. కబురు వెళ్తే అమాన్సియో సాయంత్రం పని నుంచి నేరుగా వచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ అన్నాడు, అది మళ్లీ ఆగింది. అలా కొన్ని సాయంత్రాలు గడిచాక అతనే నసుగుతూ అన్నాడు: "ఒటీలియమ్మా, పొద్దుగూకినాక అయిపోయిందంటే దానికి పొద్దంతా పనేగా. మొదలెట్టకముందే వచ్చి చాలు అంటే ఎట్టా ఉంటది? తెల్లారగట్ల నేను పనికి పోయేది ఈ దారినే."

వదిన ఒప్పుకోవడానికి బదులు, "మంచు కురుస్తుంది. చెవులకి ఏదైనా కట్టుకుని రా," అంది.

అప్పటినుంచి అతను రోజూ వెలుగు రాకముందే వచ్చేవాడు. మోరో మొదటి అడుగు వేయకముందే కంచె దగ్గర చతికిలబడి ఆ మాట అనేవాడు. గుర్రం నిలబడేది. ఏం చేయాలో తెలియక అలా నిలబడే ఉండేది. మధ్యాహ్నానికి ఒకటి రెండు అడుగులు వేసి, తప్పు చేసినట్టు ఆగి చూసేది. ఎవరూ ఏమీ అనకపోతే గడ్డి కొరికేది. గిట్టలు పొడిబడ్డాయి. డాక్టరమ్మ కట్లు విప్పి, "ఏం చేశారేంటి?" అని అడిగితే, "మేమేం చెయ్యలేదు, అది చెయ్యడం మానేసింది," అంది వదిన.

ఒక పొద్దున బాగా చలిగా ఉంది. అమాన్సియో మాట చెప్పేసి లేచి వెళ్లబోతుంటే వదిన కంచె దగ్గరికి వెళ్లింది. నేను వేడినీళ్ల ఫ్లాస్కుతో వెనకే ఉన్నాను.

"ఎందుకు కొట్టేవాడివి?" అని అడిగింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

అతను చేతిలో టోపీ తిప్పాడు. "ఆగితే మట్టి బిగుసుకుపోద్ది అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. కానీ అందుకే కాదు." టోపీ వైపే చూస్తూ అన్నాడు: "ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు. ఇటుకలు కొనేవాడు వినడు. బావమరిది ముందు నోరెత్తలేను. అదొక్కటే నేనేమంటే అది చేసేది ఒటీలియమ్మా. కొడితే ఇంకా చేసేది."

"నేను నిన్ను క్షమించను."

"అడగలేదమ్మా."

"క్షమించాల్సింది నేను కాదని చెప్తున్నా," అంది వదిన. నా చేతిలోంచి మాతే గిన్నె తీసుకుని, వేడినీళ్లు పోసి అతనికి అందించింది. అతను రెండు చేతులతో పట్టుకుని, గొట్టం చివర శబ్దం వచ్చేదాకా పీల్చి తిరిగి ఇచ్చాడు. 

వసంతం మొదట్లో పెద్ద వాన పట్టుకుంది. వాగు పొంగి దారి మునిగిపోయింది. అమాన్సియో రాలేడు. పొద్దున లేచి నేనూ వదినా కిటికీ దగ్గర నిలబడ్డాం. మోరో అరిగిన దారి అంచున నిలబడి ఉంది. వానలో వీపు మీదనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. గేటు వైపు చూస్తోంది.

"నేను వెళ్లి చెప్పనా?" అంది వదిన.

"వద్దు. చూద్దాం."

అది చాలాసేపు చూసింది. ఒక కాలు ఎత్తింది. నేను వదిన చేయి గట్టిగా పట్టుకున్నాను. ఎత్తిన కాలు దించి, తల విదిల్చి, దారికి అడ్డంగా నడిచింది. వలయం దాటేసి, వానలో తిన్నగా, చెట్ల కిందికి. ఉర్రాకా దాని తోక వెతుక్కుంటూ వెళ్లి పక్కన చేరింది. రెండూ ఒకదాని వీపు మీద ఒకటి మెడ వేసుకుని వాన వెలిసేదాకా అక్కడే ఉన్నాయి. వదిన కుర్చీలో కూర్చుని ఏడ్చింది. నేను గోధుమపిండి తడిపి, వాన రోజున అందరిళ్లలో చేసుకున్నట్టే కొవ్వులో రొట్టెలు వేయించాను. ఏడుస్తూనే నాలుగు తింది.

ఆ తర్వాత మోరో మళ్లీ గుండ్రంగా నడవలేదని చెబితే అబద్ధమవుతుంది. ఉరుములు ఎక్కువైనప్పుడో, దూరాన ఎవరో పశువుల్ని అదిలించినప్పుడో ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది. తనంతట తనే ఆగుతుంది. ఒళ్లు చేసింది. బుద్ధులు కూడా నేర్చింది. దాణా డబ్బా మూత ముక్కుతో తెరవడం, నా టోపీ లాక్కుని దూరంగా పారేయడం, ఎండ కాసినప్పుడు నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి దొర్లడం. మొదటిసారి దొర్లినప్పుడు కడుపునొప్పేమోనని డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఇర్మా గారూ, దానికి సంతోషంగా ఉంది, నన్ను భోంచేయనివ్వండి," అంది ఆవిడ.

అమాన్సియో మాట చెప్పాల్సిన పని లేకపోయినా రావడం మానలేదు. ఆదివారాలు వచ్చి కంచె బాగుచేసేవాడు, తొట్లు కడిగేవాడు. రెండో ఏడు, అవతలి గట్టున ఇంకో బట్టీలో ఒక ఎర్ర గుర్రం కూలిపోయిందని తెలిసి వదిన బయల్దేరుతుంటే అతనే ట్రక్కెక్కాడు. "నువ్వు మాట్లాడితే వాళ్లకి పౌరుషం వస్తది. నన్ను మాట్లాడనీ," అన్నాడు. వాళ్లతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఇద్దరూ సాయంత్రానికి గుర్రంతో తిరిగొచ్చారు, పాదాలకి మట్టంటకుండా. ఆ తర్వాత ఇంకో మూడు బట్టీల వాళ్లు తమంతట తామే తీసుకొచ్చి అప్పజెప్పారు. ఒకడు మాత్రం మా వైపు చేరాడన్న కోపంతో అమాన్సియో సైకిల్ టైర్లు కోశాడు. అయినా అమాన్సియో నడిచొచ్చాడు.

మోరో మాత్రం అతని దగ్గరికి రాదు. మా చేతుల్లోంచి తింటుంది, ఊళ్లోంచి చూడటానికి వచ్చేవాళ్ల జేబులు కూడా వెతుకుతుంది. అతను చేయి చాపితే చెవులు వెనక్కి పడతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. అతని మాట వింటుంది, అతన్ని నమ్మదు. అమాన్సియోకి ఆ సంగతి తెలుసు. దాని తొట్టి నింపి దూరంగా జరిగిపోతాడు. "కనీసం ఒక్కసారి బుజ్జగించి చూడకపోయావా," అని నేనంటే, "దానికిష్టం లేదు చెల్లెమ్మా. ఇష్టం లేకపోతే వద్దనడం ఇప్పుడే నేర్చుకుంది, నేనే చెడగొట్టనా?" అన్నాడు.

పోయిన వేసవిలో అతను వాగు పక్క కంచెకి కొత్త తీగ లాగుతున్నాడు. మేమిద్దరం నీడలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు వలుస్తున్నాం. మోరో మేసుకుంటూ మేసుకుంటూ అటువైపు వెళ్లింది. అతని వైపు చూడలేదు. అతనికి వీపు చేసి, ఒక వెనక కాలు సడలించి, కింది పెదవి వేలాడేసి నిలబడి కునుకు తీయడం మొదలుపెట్టింది.

"చూశావా, దగ్గరికొచ్చింది," అని గుసగుసలాడింది వదిన.

"దాన్ని దగ్గరంటారా వదినా? మధ్యలో మన ట్రక్కు పడుతుంది."

"ట్రక్కే కదా పట్టేది. ఇటుక బట్టీ పట్టేంత దూరం లేదుగా."

అమాన్సియో కూడా చూశాడు. పటకారు నేలమీద పెట్టేశాడు. తీగ శబ్దం చేయకుండా వదిలేసి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. గుర్రం నిద్రపోయినంతసేపూ ఈగల్ని కూడా తోలుకోకుండా కూర్చున్నాడు. నీడ ఇటు నుంచి అటు తిరిగింది, అతను ఎండలో పడ్డాడు, జరగలేదు.

ఆ రోజు కంచె పూర్తి కాలేదు. మర్నాడు పక్క పొలం దూడలు అక్కడ్నుంచే దూరి మా మొక్కజొన్నంతా మేసిపోయాయి. వదిన ఒక్క మాటా అనలేదు. నేనే అందరి వంతూ తిట్టాను.